25 సెకన్ల తేడాతో ఈవెంట్స్ పోయిన తమ్ముడికి

నువ్వు అడిగింది ముందు క్లుప్తంగా రాస్తాను, తర్వాత చదివేవాళ్లకూ తెలియాలి కదా. 2022లో తెలంగాణ కానిస్టేబుల్ ప్రిలిమ్స్ పాసయ్యావు. డిసెంబర్‌లో ఈవెంట్స్‌కు, అంటే పరుగు, జంప్, షాట్‌పుట్ పరీక్షలకు వెళ్తే 1600 మీటర్లకు 7 నిమిషాల 40 సెకన్లు పట్టింది, అక్కడి నుంచే వెనక్కి పంపేశారు. ఇంట్లో గోడకు ఆనుకుని కొలుచుకుంటే ఎత్తు ఒకసారి 168 వస్తోంది, ఒకసారి 167 దగ్గర ఆగుతోంది. ఊళ్లో జరిగిన గొడవలో నీ మీద చిన్న కేసు ఉండేది, లోక్ అదాలత్‌లో రాజీ అయింది. పరుగుకు ముందు ఇంజెక్షన్ వేసుకుంటే దాటేయొచ్చని గ్రౌండ్‌లో ఎవరో చెప్పారు. మళ్లీ నోటిఫికేషన్ పడితే దిగాలా, వేరే దారి చూసుకోవాలా అన్నది నీ ప్రశ్న.

నేను పోలీసు శాఖ ఆర్మ్‌డ్ రిజర్వులో 30 ఏళ్ల పైన చేసి ఆర్‌ఎస్ఐగా (రిజర్వ్ సబ్ ఇన్‌స్పెక్టర్‌గా) రిటైరయ్యాను. అందులో సగం సర్వీసు శిక్షణ కేంద్రాల్లోనే గడిచింది. సెలక్షన్లు వచ్చినప్పుడల్లా గ్రౌండ్ డ్యూటీ పడేది. ఇప్పుడు మా టౌన్ కాలేజీ గ్రౌండ్‌లో పొద్దున్నే కొందరు పిల్లల్ని పరుగెత్తిస్తున్నాను. ఫీజు ఏమీ లేదు, లేటుగా వచ్చినవాడికి మాత్రం రెండు రౌండ్లు ఎక్కువ.

నా జవాబు: దిగు. కానీ పోయినసారి దిగినట్టు కాదు.

1600 అంటే 400 మీటర్ల రౌండ్లు నాలుగు. ఒక్కో రౌండుకు ఎంత పట్టిందో నువ్వు రాయలేదు, నేనే రాస్తాను చూడు. మొదటి రౌండు 1:30. రెండోది 1:50. మూడోది 2:05. ఆఖరిది 2:15. కూడితే సరిగ్గా 7:40. ఐదారు సెకన్లు అటూ ఇటూ ఉండొచ్చు గానీ లెక్క ఇదే తీరున ఉంటుంది. ఎందుకంటే 1600లో పోయిన పిల్లల్లో చాలామంది ఇలాగే పోవడం నా కళ్లతో చూశాను. విజిల్ పడగానే పక్కవాడు ఉరుకుతాడు, వాడి వెనక నువ్వూ ఉరుకుతావు. మొదటి 300 మీటర్లు గాల్లో తేలినట్టు ఉంటుంది. రెండో రౌండు సగంలో తొడలు బిగుసుకుంటాయి, నోరు ఎండిపోతుంది. మూడో రౌండుకు వచ్చేసరికి పక్కటెముకల కింద పోటు. నాలుగో రౌండులో నువ్వు పరుగెత్తలేదు, ఈడ్చుకుంటూ వచ్చావు.

తెలంగాణలో మగవాళ్లకు 7 నిమిషాల 15 సెకన్లు. 435 సెకన్లను నాలుగు రౌండ్లకు పంచితే ఒక్కో రౌండుకు 108 సెకన్ల చిల్లర, అంటే 1:48. నువ్వు మొదటి రౌండు 1:30లో కొట్టగలిగినవాడివి. నాలుగు రౌండ్లూ 1:48 చొప్పున కొట్టడం నీ ఒంటికి అందని పని కాదు. మొదటి రౌండులో నువ్వు మిగిల్చిన 18 సెకన్లకు, ఆఖరి రెండు రౌండ్లలో 44 సెకన్లు వడ్డీ కట్టావు. నీకు దమ్ము లేక కాదు, తొందరపడి పోయావు. ఆ తొందర గ్రౌండ్‌లో మొదలవలేదు, అంతకు కొన్ని నెలల ముందే మొదలైంది. ఆ సంగతి ఇప్పుడు చెప్తాను.

2022 ఆగస్టు 28న కానిస్టేబుల్ ప్రిలిమ్స్ జరిగింది. రిజల్ట్ అక్టోబర్‌లో వచ్చింది. ఈవెంట్స్ డిసెంబర్ 8న మొదలయ్యాయి. రిజల్ట్ చూసుకున్నాక పరుగు మొదలుపెట్టినవాడికి దక్కింది ఏడెనిమిది వారాలు. ఏడు వారాల్లో ఊపిరి కొంత పెరుగుతుంది గానీ కాళ్ల ఎముకలు, కండరాన్ని ఎముకకు కలిపే స్నాయువులు అంత వేగంగా గట్టిపడవు. నాలుగో వారానికి మోకాలి కింద ముందు ఎముక వెంబడి నొప్పి మొదలవుతుంది. మా గ్రౌండ్‌లో పిల్లలు దాన్ని ‘షిన్ పట్టేసింది’ అంటారు. అప్పుడు వారం ఆగాలి. ఆగితే టైం పోతుందని ఆగరు. స్ప్రే కొట్టుకుని, మాత్ర వేసుకుని పరుగెత్తి, గ్రౌండ్ రోజుకు కుంటుకుంటూ వస్తారు.

దీనికి ఉల్టా ఉదాహరణ కూడా ఒకటి ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 నవంబర్ నోటిఫికేషన్ తాలూకు కానిస్టేబుల్ ప్రిలిమ్స్ 2023 జనవరి 22న జరిగితే, ఈవెంట్స్ మొదలైంది 2024 డిసెంబర్ 30న. దాదాపు రెండేళ్లు! మొదట్లో రోజూ పరుగెత్తినవాళ్లు వాయిదాలు చూసి విసిగిపోయి మానేశారు. తీరా తేదీ ప్రకటించాక మళ్లీ అదే హడావుడి. ఒకచోట 50 రోజులు, ఒకచోట 700 రోజులు. రెండు రాష్ట్రాల్లోనూ దెబ్బతిన్నది తేదీ చూసి పరుగు మొదలుపెట్టినవాళ్లే. అందుకే నోటిఫికేషన్ గురించి నన్ను అడగొద్దు, యూట్యూబ్‌లో వెతకొద్దు. పరుగు ఇప్పుడే మొదలుపెట్టు.

ఎలా అంటే, మొదటి ఆరు వారాలు వాచీ చూడకు. వారానికి ఐదు రోజులు, మొదట 20 నిమిషాలు, మెల్లగా 40 నిమిషాల దాకా, పక్కవాడితో మాట్లాడుతూ పరుగెత్తగలిగేంత నిదానంగా. మాట తెగిపోయి ఆయాసం వస్తోందంటే వేగం ఎక్కువైనట్టు. ఇది మా పిల్లలకు అస్సలు నచ్చదు. ‘సార్, ముసలోళ్ల వాకింగ్ లాగుంది’ అంటారు. సరే అనుకో, ఆ వాకింగే ఊపిరికి పునాది. మట్టి గ్రౌండ్ దొరికితే మట్టి మీదే పరుగెత్తు. తారు రోడ్డు మీద, సిమెంటు రోడ్డు మీద రోజూ పరుగెత్తితే మోకాళ్లు చెప్తాయి. షూ ఖరీదైనది అక్కర్లేదు, కానీ మడమ అరిగిపోయిన పాత కాన్వాస్‌తో మాత్రం దిగకు. గ్రౌండ్ రోజు కోసం కొత్త షూ కొని దాచుకోవద్దు, కొత్త షూ కనీసం నెల రోజులైనా కాలికి అలవాటు పడాలి.

ఏడో వారం నుంచి వారానికి రెండు రోజులు రౌండ్లు కొట్టు. 400 మీటర్లు 1:42 నుంచి 1:45 లోపు, రెండు నిమిషాలు నడక, మళ్లీ 400. అలా నాలుగు, తర్వాత ఐదు. కొన్ని రోజులు 200 మీటర్లు 50 సెకన్లలో ఎనిమిదిసార్లు. ఇక్కడ ఒక్కటే షరతు: మొదటి రౌండు, ఆఖరి రౌండు ఒకే టైములో రావాలి. మొదటిది 1:35 కొట్టి ఆఖరిది 1:55 కొట్టావంటే ఆ రోజు ప్రాక్టీసు వృథా. ఈ రౌండ్ల పని ఒంటికి మాత్రమే కాదు, 1:45 అంటే ఎంత వేగమో వాచీ లేకుండా కాలికి తెలియడానికి. మిగతా మూడు రోజులు పాత నిదానపు పరుగే. రెండు వారాలకోసారి పూర్తి 1600 పెట్టుకో. ప్రాక్టీసులో 6:50 వచ్చేదాకా నువ్వు రెడీ కాదు. గ్రౌండ్ రోజున నిద్ర ఉండదు, టెన్షన్ ఉంటుంది, గుంపులో మలుపుల దగ్గర బయటి వైపు నుంచి తిరగాల్సి వస్తుంది, ఇవన్నీ కలిసి పదీ పదిహేను సెకన్లు తినేస్తాయి.

బరువు సంగతి నువ్వు రాయలేదు. ఒంట్లో ఐదు కిలోలు ఎక్కువుంటే ముందు ఆ ఐదు కిలోలు తగ్గించు, పరుగు దానంతటదే వేగం అందుకుంటుంది. పౌడర్ డబ్బాలు కొనకు. గుడ్లు, పప్పు, పెరుగు, రాగి జావ, అరటిపండు చాలు. గ్రౌండ్ రోజు పొద్దున ఎప్పుడూ తిననిది ఏదీ తినొద్దు. తెల్లవారుజామునే రమ్మంటారు, నీ బ్యాచ్ వంతు ఎండెక్కాక రావచ్చు. ఖాళీ కడుపుతో నాలుగు గంటలు కూర్చుని పరుగెత్తి కళ్లు తిరిగి పడ్డవాళ్లను నేను ఎత్తి పక్కన కూర్చోబెట్టాను. రెండు అరటిపళ్లు, ఒక నీళ్ల సీసా దగ్గర పెట్టుకో. గంటన్నర ముందు తిను, మరీ పరుగు ముందు కాదు.

కొందరు పాతవాళ్లు ఇప్పటి ఈవెంట్స్ పిల్లాట అంటారు. వాళ్ల మాటలో కొంత నిజం ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో ముందు 5 కిలోమీటర్లు 25 నిమిషాల్లో పరుగెత్తితేనే మిగతా వాటికి పిలిచేవాళ్లు. ఆడపిల్లలకు రెండున్నర కిలోమీటర్లు, 16 నిమిషాలు. వేసవిలో ఆ సెలక్షన్ డ్యూటీ చేసినవాడిగా చెప్తున్నా, అది పోవడమే మంచిదైంది. ప్రాక్టీసు లేకుండా వచ్చి అంత దూరం ప్రాణం పెట్టి పరుగెత్తితే ఏమవుతుందో 2024లో జార్ఖండ్‌లో చూశాం. అక్కడ ఎక్సైజ్ కానిస్టేబుల్ ఉద్యోగాలకు మగవాళ్లకు 10 కిలోమీటర్లు గంటలో పరుగెత్తమన్నారు. పది మందికి పైగా కుర్రాళ్లు చనిపోయారు, ప్రభుత్వం కొన్నాళ్లు పరుగు ఆపాల్సి వచ్చింది.

అందుకే నీ ఇంజెక్షన్ ప్రశ్నకు ఇక్కడే జవాబు చెప్తాను. వద్దు. నొప్పి తెలియనివ్వని ఇంజెక్షన్ అయితే, ఎముకలో సన్నని పగులు ఉన్నా తెలియకుండా పరుగెత్తిస్తుంది, ఆ పగులు ఎముక పూర్తిగా విరిగేదాకా పోతుంది. గుండె వేగం పెంచే రకం అయితే ఇంకా ప్రమాదం, ఆ రోజు నీ గుండె ఎలాగూ పరుగు మీదే ఉంటుంది. అమ్మేవాడికి అందులో ఏముందో తెలియదు, పొడిచేవాడు డాక్టరు కాదు. మా గ్రౌండ్‌కు వచ్చే ఒక కుర్రాడు ఇలాంటిదే వేసుకుని మొదటి రౌండు 1:20లో కొట్టాడు. మూడో రౌండులో పక్కకు వాలిపోయాడు. వాడు బతికాడు. ఆ తర్వాత పరుగు జోలికి మాత్రం పోలేదు.

ఇంకొకటి, దీన్ని ఎవరూ చెప్పరు. నీకు ఎప్పుడైనా పరుగెత్తుతూ స్పృహ తప్పిందా? ఛాతీలో పట్టేసినట్టు అయిందా? ఇంట్లో చిన్న వయసులోనే ఉన్నట్టుండి గుండె ఆగి పోయినవాళ్లు ఉన్నారా? వీటిలో ఒక్కదానికి అవునన్నా ప్రాక్టీసు మొదలుపెట్టే ముందు డాక్టరుకు చూపించు. ఈసీజీ తీస్తారు, అవసరమైతే ఎకో (గుండె స్కాన్) రాస్తారు. కుర్రవాళ్లలో గుండె కండరం పుట్టుకతోనే మందంగా ఉండే జబ్బు ఒకటి ఉంది, గట్టిగా పరుగెత్తినప్పుడే బయటపడుతుంది. ఆ పరీక్షలకు అయ్యే ఖర్చు కోచింగ్ ఫీజులో చిల్లర కింద లెక్క.

ఎత్తు సంగతి. మగవాళ్లకు 167.6 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 152.5. ఏజెన్సీ ప్రాంతాల ఎస్టీ అభ్యర్థులకు తగ్గింపు ఉంది, మగవాళ్లకు 160, ఆడవాళ్లకు 150. 2022లో తెలంగాణలో ముందు పరుగు, అందులో గెలిచినవాళ్లకే ఎత్తు కొలిచారు. నువ్వు పరుగులోనే ఆగిపోయావు కాబట్టి నీ ఎత్తు సంగతి తేలలేదు. ఇంట్లో ఒకసారి 168, ఒకసారి 167 వస్తున్నదంటే కారణం టేపు మాత్రమే కాకపోవచ్చు. పొద్దున లేవగానే మనిషి కాస్త పొడుగు, సాయంత్రానికి వెన్నుపూసల మధ్య మెత్తలు అణిగి కొద్దిగా తగ్గుతాడు. ఆ తేడా సెంటీమీటరు దాకా ఉండొచ్చు. కాబట్టి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, ఆసుపత్రిలోనో జిమ్‌లోనో ఉండే నిలువు కొలత స్టాండు మీద కొలిపించుకో. మడమలు కలిపి, మడమలు, పిరుదులు, వీపు స్టాండుకు ఆనించి, చూపు నేరుగా ముందుకు. గడ్డం పైకెత్తితే ఎత్తు పెరుగుతుందని చాలామంది అనుకుంటారు, నిజానికి తగ్గుతుంది. సాయంత్రం కూడా 167.6 దాటితే ఇక దాని గురించి ఆలోచించకు. పొద్దున మాత్రమే దాటుతుంటే గ్రౌండ్‌లో బరువులు మోస్తూ, గంటల తరబడి నిలబడి అలసిపోకుండా చూసుకో. అంతకు మించి చేయగలిగింది లేదు. 23 ఏళ్లకు వేలాడితే ఎత్తు పెరుగుతుందని చెప్పేవాడు నీ దగ్గర డబ్బు గుంజుతున్నాడు.

2022 డిసెంబర్‌లోనే మహబూబ్‌నగర్‌లో ఒక అమ్మాయి జుట్టులో మైనం లాంటిది అంటించుకుని ఎత్తు మిషన్ మీద నిలబడింది. మిషన్ స్పందించలేదు, అక్కడి సిబ్బందికి అనుమానం వచ్చి చూస్తే దొరికిపోయింది. పాపం అనిపించింది గానీ, అలాంటి పనికి పోలీసు సెలక్షన్ గ్రౌండ్ కన్నా చెడ్డ చోటు ఇంకోటి ఉండదు.

మా రోజుల్లో స్టాప్‌వాచీ ఒకరి చేతిలో, రౌండ్ల లెక్క ఇంకొకరి నోట్లో. మూడు రౌండ్లు కొట్టి నాలుగు అన్నవాళ్లూ ఉన్నారు, నాలుగు కొట్టినా మూడే రాసుకున్న సందర్భాలూ ఉన్నాయి. ఇప్పుడు ఒంటికి చిప్ కడతారు. గీత దాటితే టైము దానంతటదే పడుతుంది. లాంగ్ జంప్, షాట్‌పుట్ కొలతలు కూడా డిజిటల్ పరికరంతోనే. కాబట్టి ‘గ్రౌండ్‌లో మనవాళ్లున్నారు, చూసుకుంటారు’ అని లక్షలు అడిగేవాడు నీకు తగిలితే, వాడు చేసే పని ఒక్కటే. పదిమంది దగ్గర తీసుకుంటాడు, వాళ్లలో సొంత కాళ్ల మీద పాసైన ముగ్గురి డబ్బు ఉంచుకుని, మిగతా ఏడుగురికి తిరిగిచ్చేసి నిజాయితీపరుడని పేరు తెచ్చుకుంటాడు.

పరుగు దాటితే తెలంగాణలో ఇంకా రెండున్నాయి. లాంగ్ జంప్ 4 మీటర్లు, షాట్‌పుట్ 7.26 కిలోల గుండు 6 మీటర్లు. జంప్‌లో పోయేది బలం లేక కాదు, అడుగు కుదరక. 20, 25 మీటర్ల దూరం నుంచి వచ్చి, కాలు ఆనించి ఎగరాల్సిన చెక్క దగ్గరికి రాగానే అడుగు సరిచేసుకోవడానికి వేగం తగ్గిస్తారు. చెక్కకు అర మీటరు ముందే ఎగిరితే ఆ అర మీటరు నష్టం, గీత దాటితే ఫౌల్. నీ పరుగు ఎన్ని అడుగులో లెక్కపెట్టుకుని, వెనక గుర్తు పెట్టుకుని, ప్రతిసారీ అక్కడి నుంచే మొదలుపెట్టు. ఇసుకలో దిగాక వెనక్కి చెయ్యి ఆనించొద్దు. కొలత చెక్కకు దగ్గరగా పడ్డ గుర్తు నుంచే తీస్తారు, 4.20 దూకి చెయ్యి వెనక్కి పెట్టి 3.80 రాయించుకున్నవాడిని చూశాను, వాడి ముఖం ఇప్పటికీ గుర్తుంది.

గుండు విసరడానికి అది క్రికెట్ బంతి కాదు. మెడకు ఆనించి, మోకాళ్లు వంచి, కాళ్ల నుంచి నడుముకు, నడుము నుంచి భుజానికి బలం తెచ్చి ముందుకు తొయ్యాలి. చేత్తో విసరబోతే మోచెయ్యి పట్టేస్తుంది. అసలు బరువుతోనే ప్రాక్టీసు చెయ్. ఊళ్లో గుండ్రాయితో చేసినవాళ్లు గ్రౌండ్‌లో ఇనప గుండు పట్టగానే తడబడతారు, పట్టు వేరు కదా. వారానికి మూడు రోజులు గుంజిళ్లు, దండాలు తీస్తే రెండింటికీ పనికొస్తుంది.

ఆడపిల్లలు కూడా ఈ దారిలో అడుగుతుంటారు కాబట్టి ఒక మాట. తెలంగాణలో వాళ్లకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లు, లాంగ్ జంప్ రెండున్నర మీటర్లు, 4 కిలోల గుండు 4 మీటర్లు. పరుగు టైము ఉదారంగానే ఉంది, రెండు నెలల ప్రాక్టీసుతో వస్తుంది. మా దగ్గర అమ్మాయిలు పోయేది ఎక్కువగా గుండు దగ్గర. అందరూ పరుగే ప్రాక్టీసు చేసి గుండును ఆఖరి వారానికి వదిలేస్తారు.

నువ్వు సరిహద్దు జిల్లావాడివన్నావు, ఆంధ్రాలో చదువుతున్న మీ బావమరిది కోసం కూడా అడిగావు. అక్కడ లెక్క వేరు. మగవాళ్లకు 1600 మీటర్లు 8 నిమిషాలు, ఆడవాళ్లకు కూడా 1600 మీటర్లే, పదిన్నర నిమిషాలు. గుండు లేదు. దానికి బదులు 100 మీటర్లు, లాంగ్ జంప్ ఉంటాయి. 100 మీటర్లు మగవాళ్లకు 15 సెకన్లు, ఆడవాళ్లకు 18. జంప్ మగవాళ్లకు 3.80 మీటర్లు, ఆడవాళ్లకు 2.75. సివిల్ కానిస్టేబుల్‌కు 1600 తప్పనిసరి, మిగతా రెండింటిలో ఒకటి పాసైతే చాలు, మార్కులు కలవవు. ఏపీఎస్పీకి (ఏపీ స్పెషల్ పోలీసు బెటాలియన్లకు) మాత్రం ఈవెంట్స్‌కు 100 మార్కులున్నాయి, 1600కు 40, మిగతా రెండింటికి ముప్పయ్యేసి. అంటే ఏపీఎస్పీ కోరుకునేవాడు పాసవడం కోసం కాదు, ప్రతి సెకను కోసం పరుగెత్తాలి. అక్కడ ఛాతీ కూడా కొలుస్తారు, 86.3 సెంటీమీటర్లు, ఊపిరి పీల్చినప్పుడు 5 సెంటీమీటర్లు పెరగాలి. తను ఏ పోస్టుకు వెళ్తున్నాడో తేల్చుకున్నాకే ప్రాక్టీసు ఎలా చేయాలో చెప్పగలను.

ఇప్పుడు పరుగు కన్నా ముందు చూసుకోవాల్సినవి. నాకు మన సెలక్షన్ పద్ధతిలో నచ్చనిది ఇదే. రాత పరీక్ష, ఈవెంట్స్, మళ్లీ రాత పరీక్ష, అన్నీ అయి సెలక్టయ్యాక మెడికల్. మూడేళ్లు ఒళ్లు వంచి, పేపర్లో పేరు చూసుకుని, ఊళ్లో పూలదండలు వేయించుకుని, ఆఖర్న రంగులు గుర్తుపట్టలేవని ఇంటికి పంపితే ఆ పిల్లవాడి గతేమిటి? నా చేతిలో ఉంటే మెడికల్ ముందు పెట్టేవాడిని. నా చేతిలో లేదు కాబట్టి నువ్వే ముందు చేయించుకో. కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లి పోలీసు సెలక్షన్‌కు అని చెప్పు. ఒక్కో కంటికి విడిగా దూరం చూపు 6/6 ఉండాలి, మెల్ల ఉండకూడదు, రంగుల చుక్కల పుస్తకంలో అంకెలు చదవగలగాలి. ఎరుపు, ఆకుపచ్చ కలిసిపోయి కనిపించేవాళ్లలో చాలామందికి ఆ సంగతి అప్పటిదాకా తెలియనే తెలియదు. దానికి వైద్యం కూడా లేదు. అదే ఉంటే ఈరోజే తెలుసుకుని గ్రూప్ పరీక్షల వైపు తిరగడం మేలు.

తర్వాత కాళ్లు. మోకాళ్లు ఒకదానికొకటి తగలడం, చదును పాదం, పిక్కల్లో ఉబ్బిన నరాలు, వంకర కాలివేళ్లు, ఇవన్నీ నోటిఫికేషన్‌లోనే రాసి ఉంటాయి. పుచ్చిపళ్లు, వరిబీజం, చెవుడు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. పాదం తడిపి గచ్చు మీద ఆనించి చూసుకో. పాదం మధ్యలో వంపు ఖాళీ కనిపించాలి. అంతా నిండుగా అచ్చు పడితే ఎముకల డాక్టరును కలువు. మునివేళ్ల మీద నిలబడితే వంపు వచ్చే రకం వేరు, ఎలా నిలబడ్డా రాని రకం వేరు. పళ్లు, వరిబీజం లాంటివి ముందే బాగు చేయించుకోవచ్చు. ఆపరేషన్ అవసరమైతే ప్రాక్టీసు మొదలుపెట్టకముందే కానివ్వు, మధ్యలో కాదు.

ఇక కేసు. తమ్ముడూ, నీ 25 సెకన్ల కన్నా నాకు దీని గురించే ఎక్కువ దిగులు. సెలక్టయ్యాక అటెస్టేషన్ ఫారం ఇస్తారు. నీ మీద ఎప్పుడైనా కేసు నమోదైందా, అరెస్టయ్యావా, కోర్టులో ఏం తేలింది అని అందులో స్పష్టంగా అడుగుతారు. నీ స్నేహితులు ‘రాజీ అయిపోయింది కదా, లేదని రాయి’ అంటారు. రాయొద్దు. ఆ ఫారం నేరుగా మీ స్టేషన్‌కు, పోలీసుల నిఘా విభాగమైన స్పెషల్ బ్రాంచికి పోతుంది. రాజీ అయినా ఎఫ్‌ఐఆర్ రికార్డులో అలాగే ఉంటుంది. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జీల బెంచి ఈ విషయం విడమరిచి చెప్పింది. ఫారంలో ఇచ్చిన సమాచారం నిజమై ఉండాలి. చిన్న వయసులో నినాదాలు చేయడం లాంటి అల్ప విషయాన్ని దాచినా అధికారులు తమ విచక్షణతో క్షమించవచ్చు. అలాగే నిజం చెప్పినంత మాత్రాన ఉద్యోగం ఇచ్చి తీరాలనేమీ లేదు, అభ్యర్థి తగునో కాదో చూసే హక్కు వాళ్లకు ఉంటుంది. అందులోనూ ఇది పోలీసు ఉద్యోగం, ఇంకాస్త గట్టిగానే చూస్తారు. అయినా ఊరి గొడవలో రాజీ అయిన చిన్న కేసును ఉన్నదున్నట్టు రాసి, కాగితాలు జతచేసినవాడికి వాదించుకునే దారి ఉంటుంది. దాచినవాడు అబద్ధం చెప్పినవాడిగా దొరుకుతాడు, అప్పుడు కేసు ఎంత చిన్నదన్నది ఎవరూ చూడరు.

నాకు తెలిసిన ఒక అబ్బాయి అలాగే దాచాడు. ట్రైనింగ్‌లో ఐదో నెలలో పిలిచి సామాను సర్దుకోమన్నారు. మా ట్రైనింగ్ బ్యాచ్‌లో పరుగులో వాడే మొదటివాడు. అందుకే నీ లోక్ అదాలత్ అవార్డు (రాజీ తీర్పు) కాపీ, ఎఫ్‌ఐఆర్ కాపీ, ఛార్జిషీట్ పడి ఉంటే అది కూడా, సర్టిఫైడ్ కాపీలు ఇప్పుడే కోర్టు నుంచి తెప్పించి భద్రంగా పెట్టుకో. మీ దగ్గరి లాయరుకు ఒకసారి చూపించు. ఇకముందు ఊళ్లో గొడవ జరుగుతుంటే చూడ్డానికి కూడా వెళ్లకు.

నువ్వు ఆఖర్న ఒక మాట అడిగావు, దొంగను పట్టుకోవడానికి 1600 మీటర్లు, గుండు దేనికి సార్ అని. కోపంలో అడిగినా సబబైన ప్రశ్నే. నా సర్వీసులో గుండు విసిరే పని ఒక్కసారీ పడలేదు. మా అమ్మాయి లా చదివేటప్పుడు కెనడా కేసు ఒకటి చెప్పింది. అక్కడ అడవి మంటలు ఆర్పే ఉద్యోగంలో అప్పటికే బాగా పనిచేస్తున్న ఒక మహిళను, రెండున్నర కిలోమీటర్లు 11 నిమిషాల్లో పరుగెత్తలేదని, 49 సెకన్లు ఆలస్యమైందని తీసేశారట. 1999లో వాళ్ల సుప్రీంకోర్టు, ఈ టైముకూ ఆ పనికీ సంబంధం ఉందని మీరు చూపించలేకపోయారు అని ఆమెను తిరిగి తీసుకోమంది. మన దగ్గర అంత లోతుగా ఎవరూ అడగలేదు. బ్రిటన్‌లో ఇంగ్లండ్, వేల్స్ పోలీసులకు 15 మీటర్ల దూరంలో అటూ ఇటూ బీప్ శబ్దానికి తగ్గట్టు పరుగెత్తే పరీక్ష ఉంది. మూడున్నర నిమిషాల చిల్లరలో అయిపోతుంది. మన 1600తో పోలిస్తే చాలా తేలిక. కానీ ఉద్యోగంలో ఉన్నవాళ్లు కూడా ఏటా అది పాసవ్వాలి. మన దగ్గర ఒక్కసారి గట్టిగా వడగడతారు, తర్వాత బందోబస్తులు, నైట్ డ్యూటీలు, హోటల్ భోజనాలు. పదేళ్లకు వాడి బెల్టు చూస్తే ఇతనేనా 7:15లో పరుగెత్తినవాడు అనిపిస్తుంది. నాకైతే ఆ ఏటేటా పరీక్షే నచ్చింది.

అయినా 1600ను నేను పూర్తిగా తీసిపారేయను. ఎనిమిది నెలలు, ఎవరూ చూడకపోయినా, తెల్లారకముందే లేచి గ్రౌండ్‌కు పోయినవాడెవడో ఆ పరుగు చెప్పేస్తుంది. ట్రైనింగ్‌లో నాకు పనికొచ్చిన పిల్లలు వాళ్లే. మొదటి రౌండు 1:30లో కొట్టి మెరిసినవాళ్లు కాదు.

రేపు పొద్దున ఒక పని చెయ్. ఒకే ఒక్క రౌండు, వాచీ చూడకుండా, 1:48లో వస్తుందనుకున్న వేగంతో పరుగెత్తు. ఆపాక వాచీ చూసి, ఎంత వచ్చిందో ఉన్నదున్నట్టు ఇక్కడ రాయి. కళ్ల రిపోర్టు వచ్చాక అది కూడా రాయి, అప్పుడు నీ మొదటి ఆరు వారాల సంగతి కూర్చుని చూద్దాం.